షుగర్ లేదు, కానీ రోజుకు పది లీటర్ల నీళ్ళు: డయాబెటిస్ ఇన్సిపిడస్ గురించి తెలిసినవారు చెప్పగలరు

దేవరకొండ పంతులు

అందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మా తమ్ముడికి 29 ఏళ్ళు. సెంట్రింగ్ పని చేస్తాడు, బరువు 62 కిలోలు. ఏడెనిమిది నెలలుగా అతని దూప ఎంతకీ తీరడం లేదు. వాటర్ ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాను ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ రెండు రోజులు వచ్చేది, ఇప్పుడు అతనొక్కడే రెండు రోజుల్లో ఖాళీ చేస్తున్నాడు. చలికాలంలో కూడా ఫ్రిజ్‌లోని నీళ్ళే కావాలంటాడు, రంజన్ నీళ్ళు అతనికి ఆనడం లేదు. రాత్రి ఆరుసార్లు లేస్తాడు, లేచిన ప్రతిసారీ ఒంటికి పోయి వచ్చి చెంబెడు నీళ్ళు తాగితేనే మళ్ళీ కన్ను మూతపడుతుంది. హైదరాబాద్ బస్సెక్కితే మాల్‌లో ఒకసారి, ఇబ్రహీంపట్నంలో ఒకసారి కండక్టరును బతిమాలుకొని దిగవలసి వస్తోంది. ఆ సిగ్గుతోనే అతను ప్రయాణాలు మానుకున్నాడు.

షుగర్ పరీక్ష మూడుచోట్ల చేయించాము. పరగడుపున 88, తిన్న తర్వాత 117, మూడు నెలల సగటు 5.2 వచ్చాయి. షుగర్ లేదు, ఒంట్లో వేడి ఉంది, మజ్జిగ తాగించండి అని చెప్పి పంపించారు. ఇది ఉత్త అలవాటని, నీళ్ళు తగ్గిస్తే అదే మానుతుందని మా అమ్మ గత వారం ఫ్రిజ్‌కు తాళం వేసి, సాయంత్రం నుంచి గ్లాసుతో కొలిచి ఇచ్చింది. తెల్లవారేసరికి అతని నాలుక పిడచగట్టుకుపోయింది, పిలిస్తే పొంతన లేని జవాబులు చెప్పాడు, చివరికి స్నానానికి పట్టిన బకెట్‌లో చెంబు ముంచుకొని తాగాడు. అయితే ఆ రాత్రి కూడా అతను ఎప్పటిలాగే ఆరుసార్లు ఒంటికి పోయాడు. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. లోపలికి పోని నీళ్ళు బయటికి ఎలా వస్తున్నాయి? వెతికితే డయాబెటిస్ ఇన్సిపిడస్ అనే పేరు కనిపించింది. షుగరే లేనప్పుడు దాన్ని డయాబెటిస్ అని ఎందుకన్నారో కూడా నాకు అర్థం కాలేదు.

వనపర్తి వైద్యురాలు

పంతులు గారూ, మిగతా సంగతులన్నీ తర్వాత మాట్లాడుకుందాము, ముందుగా ఆ ఫ్రిజ్ తాళం తీయించండి. మీరు గమనించిన విషయమే ఈ వ్యాధికి గుండెకాయ వంటిది. నీళ్ళు ఎక్కువ తాగడం వల్ల మూత్రం ఎక్కువ వచ్చే మనిషికి నీళ్ళు తగ్గిస్తే మూత్రమూ తగ్గుతుంది. మూత్రంలో నీరు ఆగకుండా పోతున్నందువల్ల దూప వేస్తున్న మనిషికి నీళ్ళు ఆపితే మూత్రం ఆగదు సరికదా, రక్తం చిక్కబడి, అందులోని ఉప్పు భాగమైన సోడియం పెరిగి, మెదడు మీద దెబ్బ పడుతుంది. మీ తమ్ముడు ఆ తెల్లవారుజామున తడబడింది అందుకే కావచ్చు. బకెట్ నీళ్ళు అతన్ని కాపాడాయి.

ఇక పేరు సంగతి. డయాబెటిస్ అన్న గ్రీకు మాటకు లోపలికి పోయింది లోపలే నిలవకుండా దాటిపోవడమన్న అర్థం ఉంది. మెల్లిటస్ అంటే తేనెవంటిది, ఇన్సిపిడస్ అంటే లాటిన్‌లో రుచి లేనిది, మన మాటలో సప్పటిది. పాతకాలపు వైద్యులు మూత్రాన్ని రుచి చూసి రోగం చెప్పేవారు, ఆ రోజుల్లో పుట్టిన పేర్లివి. రెంటిలోనూ దూప, అతిమూత్రం ఉంటాయి కాబట్టి ఇంటిపేరు ఒకటైంది, అంతకు మించి వీటికి చుట్టరికం లేదు. ఒకదానిలో చక్కెర తనతో నీటిని లాక్కుపోతుంది, రెండోదానిలో నీటిని వెనక్కు పట్టే ఏర్పాటే పనిచేయదు.

ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలో కలిసి, ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రమే బయటికి వస్తుంది. ఎంత వదలాలో చివరి గట్టు దగ్గర తేల్చేది వాసోప్రెసిన్ అనే హార్మోను. అది మెదడు అడుగున హైపోథాలమస్‌లో తయారై, సన్నని కాడ గుండా దిగి, పిట్యూటరీ గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉంటుంది. రక్తం కొంచెం చిక్కబడగానే విడుదలై మూత్రపిండాలకు చేరి, అక్కడి సేకరణ నాళాల గోడల్లో ఆక్వాపోరిన్ అనే నీటి తూములను తెరిపిస్తుంది. తూము తెరిస్తే నీరు ఒంట్లోకి తిరిగి వస్తుంది, మూత్రం చిక్కబడుతుంది. హార్మోను రాకపోయినా, వచ్చిన హార్మోను మాటను మూత్రపిండం వినకపోయినా తూములు మూసుకునే ఉంటాయి, నీరంతా బయటికి పోతుంది. మొదటిదాన్ని సెంట్రల్ రకమని, రెండోదాన్ని నెఫ్రోజెనిక్ రకమని అంటారు. (ఈ తూములను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో, వాసోప్రెసిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. పిల్లలకు చెప్పే పంతులు గారు కాబట్టి ఈ మాట కూడా రాస్తున్నాను.)

ఇప్పుడు మీరు నాకు కొన్ని చెప్పాలి. ఇది మెల్లగా మొదలైందా, ఫలానా రోజు నుంచి అని చెప్పగలిగేంత హఠాత్తుగా వచ్చిందా? తలకు దెబ్బ తగలడం, మెదడుకు ఆపరేషన్, క్షయ వంటివి ఉన్నాయా? ఏవైనా మందులు చాలాకాలంగా వాడుతున్నాడా? తలనొప్పి, చూపులో తేడా ఉన్నాయా? అన్నిటికన్నా ముందు 24 గంటల మూత్రం కొలిపించండి. పెద్దవారిలో అది మూడు లీటర్లు దాటితేనే అతిమూత్రం అంటాము. మాటిమాటికీ పోవడం వేరు, ఎక్కువ పోవడం వేరు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారు ఇరవైసార్లు పోయినా మొత్తం లీటరున్నర దాటకపోవచ్చు.

నకిరేకల్ ల్యాబ్

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఈ 24 గంటల పరీక్షలో పదిమందిలో సగంమంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది కాబట్టి రాస్తున్నాను. ఉదయం ఆరింటికి మొదలుపెడితే, ఆ ఆరింటి మూత్రాన్ని పారబోయాలి, ఎందుకంటే అది రాత్రి తయారైనది. ఆ తర్వాతి నుంచి ప్రతిసారీ పట్టాలి, మరునాడు ఉదయం ఆరింటిది కూడా కలపాలి. ల్యాబ్ ఇచ్చే డబ్బా సాధారణంగా రెండు మూడు లీటర్లకు మించి పట్టదు, మీ తమ్ముడికి అది మధ్యాహ్నానికే నిండుతుంది. శుభ్రమైన ఐదు లీటర్ల క్యాన్లు రెండు మూడు సిద్ధంగా పెట్టుకోండి. లెక్క బాగుండాలని ఆ రోజు నీళ్ళు తక్కువ తాగించవద్దు, ఎప్పుడూ తాగినట్టే తాగనివ్వండి.

ఇంకొక మాట. మామూలు మూత్ర పరీక్ష కాగితంలో మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ అని ఒక వరుస ఉంటుంది, దానివైపు ఎవరూ చూడరు. మీ దగ్గర పాత రిపోర్టులుంటే అది చూడండి. నీటిది 1.000. దూపతో ఉన్న ఆరోగ్యవంతుడి ఉదయపు మూత్రం 1.020 చుట్టుపక్కల ఉంటుంది. అదెప్పుడూ 1.005 లోపే ఉంటోందంటే మూత్రం దాదాపు నీళ్ళేనన్నమాట.

దేవరకొండ పంతులు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తాళం తీయించాను. మా అమ్మ రెండు రోజులు ఏడ్చింది.

నిన్న కొలిచాము. 9 లీటర్ల 400 మిల్లీలీటర్లు వచ్చింది. పాత రిపోర్టులు మూడింటిలోనూ స్పెసిఫిక్ గ్రావిటీ 1.002 అనే ఉంది, ఇన్నాళ్ళూ ఆ కాగితాలు నా బీరువాలోనే ఉన్నాయి.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు రాయడానికి కూర్చుంటే ఇన్నాళ్ళూ మాకు తట్టని సంగతి తట్టింది. ఎనిమిది నెలల క్రితం కొండమల్లేపల్లి దాటిన తర్వాత రాత్రిపూట బండి మీద నుంచి పడి అతని తలకు బలమైన దెబ్బ తగిలింది. హెల్మెట్ లేదు. ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ఆపరేషన్ అవసరం పడలేదు. ఆ రోజుల్లో మూత్రపు సంచి గంట గంటకూ నిండుతుంటే, సెలైన్ బాగా ఎక్కిస్తున్నారు కాబట్టి పోతున్నదనుకున్నాము. ఇంటికొచ్చాక దూప మొదలైంది. తల కుట్లు మానడం, దూప పెరగడం ఒకే నెలలో జరిగినా, రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. తలకు తగిలిన దెబ్బకూ మూత్రానికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

వనపర్తి వైద్యురాలు

మీరేమీ తప్పు చేయలేదు, చాలామంది అనుకోరు. తల గట్టిగా అదిరినప్పుడు పిట్యూటరీని వేలాడదీసే ఆ సన్నని కాడ సాగిపోవచ్చు, తెగిపోవచ్చు, లేదా అక్కడి రక్తప్రసారం దెబ్బతినవచ్చు. అప్పుడు వాసోప్రెసిన్ దిగివచ్చే దారి మూసుకుపోతుంది. చాలామందిలో ఇది కొద్ది రోజుల్లో, వారాల్లో సర్దుకుంటుంది, కొందరిలో శాశ్వతంగా మిగిలిపోతుంది. పిట్యూటరీ ఆపరేషన్ల తర్వాత కూడా ఇదే జరుగుతుంది. అక్కడ కొందరిలో మూడు అంకాలుంటాయి. మొదటి కొద్ది రోజులు అతిమూత్రం, ఆ తర్వాత దెబ్బతిన్న కణాల్లో నిల్వ ఉన్న హార్మోను ఒక్కసారిగా బయటపడి మూత్రం బాగా తగ్గిపోవడం, నిల్వ అయిపోయాక మళ్ళీ అతిమూత్రం. రెండో అంకంలో రోగం నయమైందనుకొని నీళ్ళు బాగా ఎక్కిస్తే సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

దెబ్బ తగలడం ఒక్కటే కారణం కాదు. క్రేనియోఫారింజియోమా, జెర్మినోమా వంటి గడ్డలు, మెదడు పొరలకు పట్టిన క్షయ, సార్కాయిడోసిస్, పిల్లల్లో వచ్చే లాంగర్‌హాన్స్ కణాల వ్యాధి, కొన్ని వంశపారంపర్య లోపాలు, ఒంటి రక్షణ వ్యవస్థే ఆ కణాల మీద తిరగబడటం, ఇవన్నీ సెంట్రల్ రకాన్ని తెస్తాయి. కొందరిలో వెతికినా కారణం దొరకదు. అటువంటివారికి ఎమ్మారై మళ్ళీ మళ్ళీ తీయించాలి, ఎందుకంటే చిన్న గడ్డ కొన్నేళ్ళ తర్వాత బయటపడవచ్చు.

మీ తమ్ముడిని ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల వైద్యుడికి చూపించండి. రక్తంలో సోడియం, పొటాషియం, కాల్షియం, క్రియాటినిన్, రక్తపు మరియు మూత్రపు ఆస్మోలాలిటీ (అవి ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే కొలత) చూస్తారు. పొటాషియం బాగా తగ్గినా, కాల్షియం బాగా పెరిగినా మూత్రపిండం వాసోప్రెసిన్ మాట వినడం మానేస్తుంది, కాబట్టి అవి ముందు తేలాలి. తల దెబ్బ కాబట్టి పిట్యూటరీ ముందు భాగం నడిపించే హార్మోన్లు, ముఖ్యంగా ఉదయపు కార్టిసోల్, థైరాయిడ్ కూడా తప్పకుండా చూడమని అడగండి. కార్టిసోల్ తక్కువగా ఉన్న మనిషిలో అతిమూత్రం దాగి ఉండి, దానికి బదులు ఇచ్చే స్టెరాయిడ్ మొదలుపెట్టగానే బయటపడటం మేము చూస్తూనే ఉంటాము.

ఆ తర్వాత చేసేదే నీళ్ళు ఆపి చూసే పరీక్ష. మీ అమ్మగారు తెలియక ఇంట్లో చేసింది దాదాపు అదే, కానీ దాన్ని ఆసుపత్రిలో, పగటిపూట, గంట గంటకూ బరువు, మూత్రం, రక్తం చూస్తూ మాత్రమే చేయాలి. సోడియం ముందే ఎక్కువగా ఉన్నవారికి అసలు చేయకూడదు. ఈ చర్చ చదివేవారెవరూ దయచేసి దీన్ని ఇంట్లో ప్రయత్నించవద్దు.

మర్రిగూడ పాతకాపు

చర్చను పక్కదారి పట్టిస్తున్నానని అనుకోకండి. మా మండలంలో ఏ రోగమొచ్చినా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లనే అంటారు, అందులో తప్పు కూడా లేదు, మా తాతలు నడుములు వంగిపోయి, నలభై ఏళ్ళకే ముసలివాళ్ళైనారు. ఈ దూప రోగం కూడా ఫ్లోరైడ్ వల్ల రావచ్చునా?

వనపర్తి వైద్యురాలు

మీ ప్రశ్న పక్కదారి కాదు. ఫ్లోరైడ్ మోతాదు మరీ పెరిగితే మూత్రపిండం నీటిని పట్టే శక్తి తగ్గుతుందన్న సంగతి వైద్యులకు తెలుసు. పూర్వం మెథాక్సీఫ్లూరేన్ అనే మత్తుమందు ఒంట్లో విరిగి ఫ్లోరైడ్‌ను వదిలేది, దాని వల్ల రోగులకు అతిమూత్రం రావడంతో ఆపరేషన్లలో దాని వాడకం మానుకున్నారు. కానీ ఇంటిల్లిపాదీ ఒకే నీళ్ళు తాగుతుండగా ఒక్కరికే, అదీ తల దెబ్బ తర్వాత తొమ్మిది లీటర్లు పోతుంటే కారణాన్ని నీళ్ళలో వెతకకూడదు.

అయితే మీ ప్రశ్నను తిరగేసి చూస్తే నల్లగొండ జిల్లావారికి చాలా పనికివచ్చే సంగతి కనిపిస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం, అది కూడా వేరే నీరు దొరకని చోట. ఆ లెక్క రోజుకు రెండు మూడు లీటర్లు తాగే మనిషికి సరిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజుకు పది లీటర్లు తాగేవాడి ఒంట్లోకి 20 మిల్లీగ్రాములు పోతుంది. మూత్రపిండాలు నీటిని పట్టలేని ఈ వ్యాధి ఉన్నవారిలో, పక్కవాళ్ళకు ఏమీ కాని నీటితోనే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్ళు పాడవడం) ముదిరిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. కాబట్టి మీ వైపు ఈ రోగం ఉన్న మనిషి, ముఖ్యంగా పళ్ళు వచ్చే వయసు పిల్లలు, బోరు నీళ్ళు తాగకూడదు. కృష్ణా నీళ్ళు వచ్చే నల్లా నుంచో, ఫ్లోరైడ్ తీసిన ప్లాంటు నుంచో పట్టుకోవాలి. అంటే మిగతావారికి ఒక బిందె చాలిన చోట ఆ ఇంటికి రెండు బిందెలు మంచినీళ్ళు కావాలి.

పాలమూరు ఆడబిడ్డ

మా నాయనకు 61 ఏళ్ళు. మనసుకు సంబంధించిన జబ్బుకు పద్నాలుగేళ్ళుగా లిథియం మాత్రలు వాడుతున్నాడు. మూడేళ్ళుగా ఆయన కూడా రోజుకు ఐదారు లీటర్లు తాగుతున్నాడు, రాత్రి నాలుగుసార్లు లేస్తాడు. షుగర్ లేదు. వయసు మీద ప్రొస్టేటు అనుకున్నాము. ఈ చర్చ చదివాక భయం వేసి ఈ రోజు మాత్ర ఆపివేద్దామనుకుంటున్నాను. ఆపవచ్చునా?

వనపర్తి వైద్యురాలు

చెల్లెమ్మా, మాత్ర మీరు సొంతంగా ఆపవద్దు. ఆ జబ్బు తిరగబెడితే కలిగే నష్టం ఈ అతిమూత్రం కన్నా పెద్దది కావచ్చు. ఈ వారమే ఆయన మానసిక వైద్యుడిని కలిసి ఈ సంగతి చెప్పండి.

లిథియం ఏళ్ళ తరబడి వాడినవారిలో నెఫ్రోజెనిక్ రకం రావడం మామూలే. లిథియం సేకరణ నాళాల కణాల్లోకి సోడియం వెళ్ళే దారినే దూరి, లోపల పేరుకొని, నీటి తూములను తగ్గిస్తుంది. మొదట్లో గుర్తిస్తే మందు మారిస్తేనో మోతాదు తగ్గిస్తేనో బాగుపడవచ్చు, చాలాకాలం గడిచాక ఆపినా పూర్తిగా పోకపోవచ్చు. లిథియం కొనసాగించక తప్పనివారికి అమిలోరైడ్ అనే మాత్ర పనికివస్తుంది, అది లిథియం దూరే ఆ దారినే మూస్తుంది. రక్తంలో లిథియం మోతాదు, క్రియాటినిన్, కాల్షియం కూడా చూపించండి, ఎందుకంటే లిథియం కాల్షియాన్ని కూడా పెంచగలదు. వాంతులు, విరేచనాలు పట్టుకొని నీళ్ళు తాగలేని రోజు ఆయనకు రెండు విధాల ప్రమాదం. ఒళ్ళు ఎండిపోతుంది, ఒళ్ళు ఎండితే లిథియం రక్తంలో పేరుకొని విషమవుతుంది. ఆ రోజు ఇంట్లో ఉంచవద్దు. మోకాళ్ళ నొప్పులకని దుకాణంలో నొప్పి బిళ్ళలు కొనివ్వవద్దు, వాటిలో చాలావరకు లిథియాన్ని పెంచుతాయి.

నెఫ్రోజెనిక్ రకంలో హార్మోను ఇచ్చినా పెద్దగా లాభం ఉండదు, వినే చెవి లేనప్పుడు గొంతు పెంచి ఏం లాభం? ఉప్పు తగ్గించడం మొదటి వైద్యం. ఒంట్లో చేరిన ప్రతి ఉప్పు రేణువూ బయటికి పోవడానికి తనతో నీటిని తీసుకుపోతుంది. ఆ మూత్రం చిక్కబడే అవకాశం లేదు కాబట్టి ఉప్పెంతో నీరంత. ఆవకాయ, అప్పడాలు, మిర్చి బజ్జీలు తగ్గించిన ఇంట్లో మూత్రం కొలతలో తేడా కనిపిస్తుంది. రెండో వైద్యం చదువుకునే రోజుల్లో నన్ను కూడా తికమక పెట్టింది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే థయజైడ్ మాత్రను అతిమూత్రానికే ఇస్తారు. అది ఒంట్లోని ఉప్పును కొంచెం తగ్గిస్తుంది, ఆ లోటు చూసి మూత్రపిండం తన మొదటి మలుపుల్లోనే ఉప్పును, నీటిని గట్టిగా వెనక్కు లాక్కుంటుంది, ఆ విధంగా మూసుకుపోయిన చివరి తూముల దాకా వచ్చే నీరే తగ్గిపోతుంది. కొందరికి ఇండోమెథాసిన్ అనే నొప్పి బిళ్ళ కూడా ఇస్తారు. ఈ రెండు మందులూ లిథియం వాడేవారిలో దాని మోతాదును పెంచుతాయి, కాబట్టి మీ నాయన విషయంలో వైద్యుడు చెప్పనిదే వేటినీ ముట్టవద్దు.

మగపిల్లల్లో పుట్టుకతో వచ్చే నెఫ్రోజెనిక్ రకం ఎక్కువగా తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది. పాలు తాగే బిడ్డ దూప అని చెప్పలేడు. ఊరికే జ్వరాలు రావడం, వాంతులు, బరువు పెరగకపోవడం, పాలకన్నా నీళ్ళకు ఆత్రపడటం కనిపిస్తాయి.

జడ్చర్ల తల్లి

మా అమ్మాయికి ఇప్పుడు 13 ఏళ్ళు. తొమ్మిదో ఏట పిట్యూటరీ పక్కన క్రేనియోఫారింజియోమా గడ్డ తీశారు, అప్పటి నుంచి డెస్మోప్రెసిన్ వాడుతున్నాము. వాసోప్రెసిన్‌ను కొద్దిగా మార్చి, ఎక్కువసేపు పనిచేసేటట్టు, రక్తపోటు పెంచకుండా ఉండేటట్టు తయారు చేసిన మందు ఇది. మొదట ముక్కులో కొట్టే స్ప్రే వాడాము. జలుబు చేసిన రోజు అది పట్టేది కాదు, పాప రాత్రంతా లేస్తూనే ఉండేది. తర్వాత మాత్రకు మార్చారు. స్ప్రే లెక్క మైక్రోగ్రాముల్లో, మాత్ర లెక్క మిల్లీగ్రాముల్లో ఉంటే నేను కంగారుపడి అడిగాను. నోటి ద్వారా వేసుకున్న మందులో ఒంటికి పట్టేది వందో వంతు కూడా ఉండదని, అందుకే అంకె పెద్దదని చెప్పారు. ఒకదాని నుంచి ఒకదానికి మారేటప్పుడు సొంత లెక్కలు వేయకూడదని అప్పుడు అర్థమైంది.

నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, ఈ మందు వాడేవారికి నీళ్ళు తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. మందు పనిచేస్తున్న గంటల్లో తూములు తెరిచే ఉంటాయి, అలవాటు కొద్దీ చెంబులు చెంబులు తాగితే ఆ నీరంతా ఒంట్లోనే నిలిచి సోడియం పడిపోతుంది. ఒకసారి బడిలో పోటీలు పెట్టుకొని నీళ్ళు తాగి సాయంత్రానికి తలనొప్పి, వాంతులతో ఇంటికొచ్చింది, సోడియం 124కు పడిపోయింది. అప్పటి నుంచి మా డాక్టరు చెప్పినట్టు, వారానికొకసారి ఆదివారం నాడు తర్వాతి మాత్ర కొంచెం ఆలస్యం చేసి, పాపకు మూత్రం ధారగా రావడం మొదలయ్యాకే వేస్తాము. ఒంట్లో నిలిచిన నీరేదైనా ఉంటే ఆ గంటలో పోతుంది. దూప వేసినప్పుడే తాగమని చెప్పాము, దూప లేకుండా తాగవద్దని కూడా అంతే గట్టిగా చెప్పాము.

అన్నిటికన్నా బాధపెట్టింది వేరే సంగతి. డెంగ్యూ జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు, కేసు కాగితంలో డయాబెటిస్ అన్న మాట చూసి, రాత్రి డ్యూటీవారు మూడుసార్లు వేలు పొడిచి షుగర్ చూశారు, షుగర్ రోగులకిచ్చే భోజనం పంపించారు. పాప మాత్ర మాత్రం ఆ రాత్రి పడలేదు, వారి పట్టికలో అది అత్యవసరమైన మందుల్లో లేదు. తెల్లవారేసరికి పాప మూత్రం నాలుగు లీటర్లు, నోరంతా ఎండిపోయింది. నా సంచిలో మాత్రలున్నాయి, వాళ్ళిస్తారు కదా అని నేను ఊరుకున్నాను. ఇటువంటి తికమకల వల్ల కొన్నిచోట్ల ప్రాణాలే పోయాయని, అందుకే 2022లో హార్మోను వైద్యుల సంఘాలు కలిసి ఈ వ్యాధి పేరు మార్చాలని ప్రతిపాదించాయని తర్వాత తెలిసింది. సెంట్రల్ రకాన్ని వాసోప్రెసిన్ లోపమని, నెఫ్రోజెనిక్ రకాన్ని వాసోప్రెసిన్ నిరోధమని అనాలట. ఇప్పుడు పాప మెడలో చిన్న ప్లాస్టిక్ కార్డు ఉంటుంది. ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఇంగ్లీషులో, ఇది షుగర్ కాదు, ఈ మాత్ర ఆపకూడదు, నీళ్ళు ఆపకూడదు అని రాయించాము.

నారాయణపేట ముసాఫిర్

మా భార్యకు ఈ వ్యాధి ఉంది, మాత్ర మీద బాగానే ఉంది. రంజాన్ రోజాలు ఉండవచ్చునా అని ఆమె అడుగుతోంది. మా ఇంట్లో పెద్దవాళ్ళు రోగులకు మినహాయింపు ఉందని చెబుతున్నా, ఆమె మనసు ఒప్పుకోవడం లేదు.

వనపర్తి వైద్యురాలు

మాట దాచకుండా చెబుతాను. పాలమూరు ఎండలో పగలంతా నీళ్ళు ముట్టకుండా, మాత్ర ప్రభావం మధ్యలో తగ్గితే, కొన్ని గంటల్లోనే సోడియం పెరుగుతుంది. అది ఒక వైపు. ఇఫ్తార్‌లో మాత్ర వేసుకొని వెంటనే రూహఫ్జా, నీళ్ళు, హలీం అంటూ కడుపునిండా తాగితే సోడియం పడిపోతుంది. అది ఇంకోవైపు. కొందరిలో మోతాదుల వేళలు మార్చి వీలు కల్పించగలరేమో గానీ, అది ఆమెను చూసే వైద్యుడు నెల ముందు నుంచే రక్తపరీక్షలతో తేల్చవలసిన విషయం, ఇక్కడ నేను అవునని రాయలేను. శివరాత్రి ఉపవాసాల విషయంలో మా రోగులకు కూడా ఇదే చెబుతాను.

కల్వకుర్తి ఏఎన్ఎం

నాకొక అనుమానం. ఎనిమిదో నెల గర్భిణి ఒకామె రోజూ బిందెడు నీళ్ళు తాగుతున్నానని చెబుతోంది. షుగర్ పరీక్ష బాగుంది. కడుపుతో ఉన్నవారికి మాటిమాటికీ రావడం మామూలే కదా అని ఊరుకోవాలా?

వనపర్తి వైద్యురాలు

ఊరుకోవద్దు, మూత్రం కొలిపించండి. మాయ నుంచి వచ్చే ఒక ఎంజైము వాసోప్రెసిన్‌ను విరిచేస్తుంది. కొందరిలో ఆ పని మితిమీరి నెలలు నిండేవేళకు అతిమూత్రం వస్తుంది. లివరు సమస్య, బీపీ కూడా తోడుగా ఉండవచ్చు కాబట్టి లివరు పరీక్షలు తప్పక చేయించాలి. డెస్మోప్రెసిన్‌ను ఆ ఎంజైము విరచలేదు, అందుకే అది పనిచేస్తుంది. కాన్పు తర్వాత కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కాన్పులో రక్తం బాగా పోయి పిట్యూటరీ దెబ్బతిన్నవారి కథ వేరు, వారికి పాలు పడకపోవడం, నీరసం వంటివి ముందుగా కనిపిస్తాయి.

దేవరకొండ పంతులు

పదహారు రోజుల తర్వాత రాస్తున్నాను. తమ్ముడిని హైదరాబాద్‌లో చూపించాము. కార్టిసోల్, థైరాయిడ్ బాగున్నాయి. ఆ పరీక్ష జరిగిన రోజు నేను పక్కనే ఉండి అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ఉదయం ఎనిమిదింటికి నీళ్ళు ఆపారు. అప్పుడు బరువు 62 కిలోలు, సోడియం 143, మూత్రపు ఆస్మోలాలిటీ 96. ప్రతి గంటకూ తూకం వేశారు. బాత్రూంలో నల్లా తిప్పుకొని తాగుతాడేమోనని తలుపు బయట ఒక మనిషిని నిలబెట్టారు, మొదట అది అవమానంగా అనిపించినా, పదకొండింటికి తమ్ముడి చూపు చేతులు కడుక్కునే తొట్టి మీదే ఉండటం గమనించాక ఎందుకో అర్థమైంది. ఒంటిగంటకు బరువు 60 కిలోల 100 గ్రాములు. మూడు శాతం తగ్గింది కాబట్టి ఆపేశారు. సోడియం 149. రక్తం అంత చిక్కబడినా మూత్రం ఆస్మోలాలిటీ 142 దగ్గరే ఆగింది. మామూలు మనిషిలో అది ఆ పాటికి 800 దాకా పోవలసిందట. అప్పుడు డెస్మోప్రెసిన్ 2 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చి, పోయిన మూత్రానికి తగినన్ని నీళ్ళు మాత్రమే తాగనిచ్చారు. రెండు గంటల తర్వాత మూత్రం 468 అయింది. సగానికి పైగా పెరిగితే మూత్రపిండాలు బాగున్నట్టు, హార్మోనే లేనట్టు అని వివరించారు. పెరగకపోయి ఉంటే నెఫ్రోజెనిక్ రకమయ్యేది. ఎమ్మారైలో పిట్యూటరీ వెనుక భాగంలో మామూలుగా కనిపించవలసిన తెల్లటి చుక్క మా తమ్ముడికి కనిపించలేదు.

రాత్రికి 0.1 మిల్లీగ్రాము మాత్ర, మూడు రోజుల తర్వాత ఉదయం ఇంకొకటి. మొన్నటి కొలత 2 లీటర్ల 300. ఐదో రోజు సోడియం 139.

నకిరేకల్ ల్యాబ్

చాలా సంతోషం, సార్. 142 నుంచి 468 అంటే సందేహం లేని ఫలితం. కొందరిలో 300, 400 దగ్గర ఆగిపోయి అటూ ఇటూ తేలదు. అంతకు ముందు నుంచే మానసిక కారణాల వల్లనో, అలవాటు వల్లనో ఏళ్ళ తరబడి నీళ్ళు ఎక్కువ తాగేవారిలో మూత్రపిండపు చిక్కబరిచే శక్తి తాత్కాలికంగా తగ్గిపోతుంది, వారి ఫలితం సగం లోపంలాగే కనిపిస్తుంది. అటువంటి చోట కోపెప్టిన్ అనే పరీక్ష పనికివస్తుంది. వాసోప్రెసిన్ రక్తంలో నిలవదు, కొలవడం కష్టం. దానితో సమానంగా విడుదలయ్యే కోపెప్టిన్ నిలుస్తుంది. గాఢమైన ఉప్పు సెలైన్ ఎక్కించి, సోడియాన్ని కొంచెం పెంచి, దాన్ని కొలుస్తారు. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అది నీళ్ళు ఆపే పరీక్ష కన్నా బాగా తేల్చింది. మీ తమ్ముడికి దాని అవసరం పడలేదు.

జడ్చర్ల తల్లి

పంతులు గారూ, రెండు పనులు చేయండి. మాత్రల డబ్బా ఒకటి ఇంట్లో, ఒకటి అతని పని సంచిలో ఉండాలి, మందుల దుకాణంలో ఇది ఎప్పుడంటే అప్పుడు దొరకకపోవచ్చు కాబట్టి అయిపోవడానికి పది రోజుల ముందే చెప్పి తెప్పించుకోండి. రెండోది, తోటి మేస్త్రీకి ఒకరికి ఈ సంగతి చెప్పి ఉంచండి. ఎండలో స్లాబు మీద కళ్ళు తిరిగి పడితే షుగర్ తగ్గిందనుకొని నోట్లో చక్కెర పోస్తారు.

దేవరకొండ పంతులు

మేస్త్రీకి నిన్ననే చెప్పాడట. కార్డు కూడా రాయించాము, మా బడి పక్కన జిరాక్స్ దుకాణంలో లామినేషన్ చేయించాను.

తమ్ముడు రాత్రి ఒక్కసారే లేస్తున్నాడు, అదీ అలవాటు కొద్దీ, లేచి కాసేపు కూర్చొని పడుకుంటున్నాడు. మా అమ్మ మాత్రం ఇప్పుడు రెండోవైపు పడింది. అతను అడగకముందే చెంబు నింపి మంచం పక్కన పెడుతోంది, తాగరా తాగరా అంటోంది. సోడియం పడిపోవడం గురించి జడ్చర్ల అమ్మ రాసింది ఆమెకు చదివి వినిపించాను. చెంబు తీసి, గ్లాసు పెట్టింది. వచ్చే సోమవారం మళ్ళీ సోడియం పరీక్ష ఉంది, అంకె ఇక్కడ రాస్తాను.